బావ మోటారు, నా షేర్ల పాండిత్యం

ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. మా లచ్చమ్మక్క చెప్పేటప్పుడు నన్ను కాస్త మంచివాడిగా తేల్చేస్తోంది, అది అబద్ధం. నేను చేసిన నాశనం నా చేతిరాతలోనే ఉండాలి.

ఎనభైల మధ్యలో సుబేదారి అనే పేటలో గుమాస్తాగా ఉన్నప్పుడు నా సాయంత్రాలన్నీ గ్రంథాలయంలోనే. షేర్ల గురించి ఒక పుస్తకం సగం చదివి, మిగతా సగం నేనే రాయగలనన్నంత ధీమా తెచ్చుకున్నాను. పాలకుర్తి దగ్గర సేద్యం చేసే మా కొమురయ్య బావ, బావికి మోటారు కోసం దాచిన డబ్బంతా హైదరాబాదులో టీవీ విడిభాగాలు చేసే ఓ చిన్న కంపెనీ షేర్లలో పెట్టించాను. కంపెనీ పేరు చివర 'ఎలక్ట్రానిక్స్' అని ఉంది. నాకది చాలు.

కొన్నాళ్లకు ధర జారడం మొదలైంది. కంపెనీ డైరెక్టర్లే తమ షేర్లు అమ్ముకుంటున్నారని పేపర్లో చిన్న వార్త. బావ బస్సెక్కి వచ్చాడు.

"మనం సుత అమ్ముదాం బామ్మర్దీ. సగమన్న చేతికొస్తది."

నేను కళ్లజోడు సవరించుకున్నాను. "మిర్చి యార్డు చూడలేదా బావా? పంటంతా ఒక్కసారే వస్తే రేటు పడ్తది. అప్పుడు కొని దాచినోడే తర్వాత నవ్వుతడు. ఇది సుత గంతే."

"లోపలున్నోళ్లే అమ్ముతాన్రు గదా. వాళ్లకు తెల్వంది నీకేం తెలుసు?"

"పుస్తకం చదివిన గదా."

బావ కాసేపు ఆరిన బీడీని వేళ్ల మధ్య తిప్పాడు. "రైతు పంట అమ్ముతడు, నిజమే. విత్తనాలు సుత అమ్ముకుంటాండంటే ఇగ సాగు చెయ్యడన్నట్టు. వీళ్లు అమ్మేది పంటనా, విత్తనాలా?"

అంత చక్కటి ప్రశ్న నేను చదివిన సగంలో లేదు. అందుకే లెక్కచేయలేదు. "జర ఓపిక పట్టు" అన్నాను, ప్రొఫెసరులా.

బావ ఓపిక పట్టాడు. ఎండాకాలానికి కంపెనీకి తాళం పడింది. అప్పుడు పుస్తకం రెండో సగం తెరిచాను. అందులో మొదటి అధ్యాయమే లోపలివాళ్ల అమ్మకాల గురించి.

ఆ ఏడు చుట్టుపక్కల బావుల మీద మోటార్లు మోగుతుంటే మా బావ ఎడ్లతో మోట కొట్టి నీళ్లు తోడాడు. సగం మడి ఎండిపోయింది. సిగ్గుతో వెళ్లి, ఎడ్లను నేను తోలుతానన్నాను. బావ పగ్గం ఇవ్వలేదు.

"వద్దు బామ్మర్దీ. ఎడ్లకు పని మంచిగనే తెలుసు. నువ్వు చదువు చెప్తే ఖరాబైతయ్."

సగం చదువుతో ఇంకొకరి కష్టార్జితం జోలికి పోనని ఆ బావి గట్టునే శపథం చేశాను. ఇంతవరకు తప్పలేదు.

గడువు దాటినా జరిమానా వేయని లైబ్రేరియన్ యాదగిరి గారికి, ఆ రోజు కూడా నాకు అన్నం పెట్టిన లచ్చమ్మక్కకు, ఇప్పటికీ నన్ను బామ్మర్దీ అనే పిలుస్తున్న కొమురయ్య బావకు కృతజ్ఞతలు.