కనబడుతూనే ఉందిగా

మెర్లిన్ ఫోర్టేన్‌ను ఊళ్ళో అందరూ మిరపకాయ అనేవారు, అదీ ముఖం మీదే. సెడర్‌బర్గ్ కొండల కింద నారింజ తోటల్లో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని, ఆ చుట్టుపక్కల బడుల్లో పిల్లలకు మాట సరిగా వస్తోందో లేదో చూసే ఉద్యోగంలో చేరిన మనిషి. ఆ ఉద్యోగమే ఎందుకంటే, అన్న ఆటీ వల్ల. వాడికి మాట రాదని తేల్చి, ఏడేళ్ళప్పుడు కొండల అవతలి ప్రత్యేక బడికి పంపేశారు. హాస్టల్లో పెరిగి పదహారేళ్ళకు తిరిగొచ్చాడు. అప్పటినుంచి పళ్ళ పెట్టెలు మోస్తూ చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. అడిగితే ఒక మాట, లేకపోతే అదీ లేదు. పుట్టుకతోనే అంత అని ఇంటిల్లిపాదీ నమ్మారు.

ఆ సోమవారం జిల్లా ఆఫీసు నుంచి ఎల్మారీ స్ట్రేడమ్ అనే పరీక్షకురాలు వచ్చింది. టీ తాగుతూ చల్లగా చెప్పింది.

"ఆ షాడీన్ అనే పిల్లకి మాట రాలేదు మెర్లిన్. కుక్క, కుర్చీ, గొడుగు, ఎన్ని బొమ్మలు చూపించానో! ఇదేంటమ్మా అంటే ఉలకదు, పలకదు. ఆరేళ్ళు నిండాయి. వచ్చే టర్మ్‌కి కొండల అవతలి బడికి పంపేద్దాం."

మెర్లిన్‌కు ఒళ్ళు మండిపోయింది. షాడీన్‌కు మాట రాకపోవడమా! నిన్ననేగా ఆ పిల్ల రోడ్డు మీద మేకను పట్టుకుని, దాని ఏడు తరాలనూ తిట్టిపోసింది!

సాయంత్రం నేరుగా పిల్ల అమ్మమ్మ ఇంటికి వెళ్ళింది. ఊరంతా ఔమా, అంటే అవ్వ, అని పిలిచే ముసలామె కాట్రీన్ నిప్పుల మీద రొట్టెలు కాలుస్తోంది. మెర్లిన్‌ను చూడగానే ముఖం వెలిగిపోయింది.

"దొరసాని ముందు మా పిల్ల బుద్ధిగా కూర్చుందా? అధికప్రసంగం ఏమీ చెయ్యలేదుగా?"

"చెయ్యలేదు ఔమా. అసలు నోరే విప్పలేదట."

"మరి! నా పెంపకం!" అని ముసలామె రొట్టె తిరగేసింది. "కళ్ళెదురుగా ఉన్నదాన్ని పెద్దవాళ్ళు ఇదేంటని అడిగితే జవాబు చెప్తారా ఎక్కడైనా? చెప్తే వాళ్ళకి కళ్ళు లేవన్నట్టేగా! నా చిన్నప్పుడు అలా చెప్పినందుకు మా అమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు మెర్లిన్‌కు. ఆమె పెరిగిందీ ఆ పెంపకంలోనే. ఎల్మారీ లాంటి వాళ్ళ ఇళ్ళలో తల్లులు పడుకునే ముందు పిల్లలకు బొమ్మలు చూపించి అడుగుతారు, పిల్లలు చెప్తారు, తల్లులు ముద్దులు పెడతారు. ఇక్కడ అలా చెప్తే వీపు పగులుతుంది. మాట్లాడే భాష ఒకటే అయినంత మాత్రాన మర్యాదలు కూడా ఒకటవుతాయా!

షాడీన్‌ను పిలిచి ఒక బొమ్మ చేతిలో పెట్టింది. తను వీపు తిప్పి గోడవైపు కూర్చుంది.

"నాకు కనబడట్లేదే. అందులో ఏముందో చెప్పు."

పిల్ల ఒకసారి బొమ్మ వైపు, ఒకసారి అమ్మమ్మ వైపు చూసింది. తర్వాత చెరువు కట్ట తెగినట్టు మొదలైంది. "కుక్క, అత్తా! పీట్ మామ కుక్కలాంటిది కాదు, దీనికి రెండు చెవులూ ఉన్నాయి. ఎముక దొంగిలించి పారిపోతోంది. దొరికిందంటే దీని పని అయిపోయినట్టే!" ఔమా రొట్టె మాడిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ ఆప్పోలిస్ గదిలో ఈ సంగతంతా చెప్తే, ఎల్మారీ తల అడ్డంగా ఊపింది. "అది లెక్కలోకి రాదు. ఎదురుగా కూర్చుని, చూపించి అడగాలి. నియమం అది."

మెర్లిన్ టీ కప్పు తీసి ఆమె ముక్కు ముందు పెట్టింది. "ఇదేంటి?"

ఎల్మారీ తెల్లబోయి చూసింది.

"పోనీ, ఇది?" ఈసారి ఆమె కళ్ళజోడు చూపించింది.

ఎల్మారీ ముఖం ఎర్రబడింది. పెదవులు బిగించి కిటికీవైపు తిరిగింది.

"రెండిటికీ జవాబు లేదు! ప్రిన్సిపాల్ గారూ, కొండల అవతలి హాస్టల్లో ఈవిడకి కూడా ఒక మంచం చూడండి. పాపం, ఈ వయసొచ్చినా మాట రాలేదు!"

"నన్ను వెక్కిరిస్తున్నావా?" అని అరిచింది ఎల్మారీ.

"వెక్కిరిస్తే ఎలా ఉంటుందో తెలిసిందిగా! మా పిల్లలకీ అలాగే ఉంటుంది. మీరు ఊరుకుంటే పరువు, వాళ్ళు ఊరుకుంటే జబ్బా?"

ఆప్పోలిస్ దగ్గుతో నవ్వు దాచుకున్నాడు. షాడీన్‌ను పిలిపించి, తనే కుర్చీ వెనక్కి తిప్పుకుని అడిగాడు. పిల్ల గొడుగు బొమ్మతో మొదలుపెట్టి, కిందటేడు వానకు ఇంటి రేకు ఎగిరిపోయిన కథ దాకా వెళ్ళింది. షాడీన్ ఊళ్ళోనే ఉంటుందని అక్కడే తేల్చేశాడు.

"ఈ ఒక్క పిల్ల వరకే," అంది ఎల్మారీ సంచీ సర్దుకుంటూ.

"మరి ఇదివరకు పంపేసిన వాళ్ళ సంగతి?"

ఎల్మారీ గబగబా బయటికి నడిచి కారెక్కింది.

గెలిచి కూడా మెర్లిన్ కోపం చల్లారలేదు. సాయంత్రం చేప వేయిస్తూ, గిన్నెలు దడదడలాడిస్తూ జరిగిందంతా చెప్పింది. ఆటీ బల్ల దగ్గర కూర్చుని విన్నాడు. చేప పళ్ళెంలో పడ్డాక, దాన్ని ముట్టుకోకుండా అన్నాడు.

"నాకు మొదట చూపించింది ఆవు బొమ్మ."

మెర్లిన్ పొయ్యి ఆపేసి అతని వైపు తిరిగింది.

"అది ఆవని నాకు తెలుసే మెర్లీ. ఎదురుగా నాన్న కూర్చున్నాడు. పరీక్ష పెట్టిన పెద్దాయన ముందు తలబిరుసుగా జవాబు చెప్పి, నాన్న పరువు తియ్యకూడదని ఊరుకున్నా."