ఆపా కత్తిరించిన మందారం

మంగళవారం పొద్దున పాల ప్యాకెట్టు కోసం తలుపు తీస్తే ఎదురింటి గుమ్మం నిండా చెప్పులు. ఇంత పొద్దున్నే చుట్టాలేంటి అనుకున్నాను. ఆపా కోడలు బయటికొచ్చి, "అమ్మీ పోయిందమ్మా. నమాజుకు కాళ్ళుచేతులు కడుక్కుంట కుళాయి కాడనే పడిపోయింది" అంది. నేను పాల ప్యాకెట్టు పట్టుకుని నిలబడి, "ఏ అమ్మీ?" అని అడిగాను. ఆ ఇంట్లో ఆపా కాక ఇంకో అమ్మీ ఉన్నట్టు.

నేను ప్రతిదానికీ భయపడే మనిషిని. గ్యాసు కట్టేశానో లేదో అని సగం దారిలో బస్సు దిగి వెనక్కొచ్చిన రోజులున్నాయి. మా ఆయన దగ్గితే భయం, దగ్గకపోతే భయం. ఇన్ని భయాల్లో ఆపా గురించిన భయం ఒక్కటీ లేదు. ముందురోజు సాయంత్రం కూడా డాబా మెట్లు నాకంటే ముందు ఎక్కింది. అలాంటి మనిషి పోవడమేమిటో నాకింకా అర్థం కావడం లేదు.

అమీర్‌పేటలో ఈ ఇంటికి మేం వచ్చి పంతొమ్మిదేళ్ళు. మాది గోదావరి వైపు, ఆపావాళ్ళది ఇక్కడే. నేను ఆపా అనేదాన్ని, ఆవిడ నన్ను అక్కా అనేది. రెండిటికీ అర్థం ఒకటేనట. ఇద్దరిలో ఎవరు పెద్దో మాత్రం తేలలేదు. వయసెంత అంటే, "ముందు నువ్వు చెప్పు" అనేది.

ఆపా పంజాగుట్టలో ఒక చీరల కొట్టుకు ఫాల్స్ కుట్టి ఇచ్చేది. ఒకరోజు అక్కడినుంచి వచ్చి సంచిలోంచి జానెడు మందారం పుల్ల తీసింది.

"ఎక్కడిది ఆపా?"

"గోడ మీదికెల్లి బయటికొచ్చింది. ఇరుసుకున్న."

"అడగలేదా?"

"అడిగి తెస్తె బతకదంట."

ఆ ఇంటివాళ్ళు వెతుక్కుంటూ వస్తారేమోనని నేను నెల్లాళ్ళు హడలిపోయాను. "మందారం పుల్ల కోసం పోలీసోల్లు మూడు అంతస్తులు ఎక్కుతరా అక్కా?" అని నవ్వింది.

పాత రంగుల డబ్బాకు అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, పేడ ఎరువు కలిపి డాబా మీద తనే నాటింది. నీళ్ళు పోయడం నా వంతు. మూడు పూటలా పోశాను. ఆకులు పసుపెక్కాయి. దాహమేమోనని ఇంకా పోశాను. ఆపా నా వేలు పట్టుకుని మట్టిలో గుచ్చింది. "మట్టి అంటితే పొయ్యకు. నువ్వు పోసేది నీళ్ళు గాదక్కా, ఫికర్." నా దిగులుకు ఆవిడ పెట్టిన పేరది.

ఆ తర్వాత అరచేతంత ఎర్రటి పూలు పూసింది. రోజూ రెండు నా పూజకే. మొగ్గ రాలితే చాలు, నేను డాబా దిగి వాళ్ళ తలుపు కొట్టేదాన్ని. "మొగ్గ రాలిందని వస్తవ్. పువ్వు పూసినప్పుడు సుత జర రా" అనేది.

ఈ ఎండాకాలం కొమ్మలకు తెల్లటి పిండిపురుగు పట్టింది. వేపనూనె కొట్టినా పోలేదు. వానలు పడకముందే కత్తిరించాలంది ఆపా. రెండు కొమ్మలు తీస్తుందనుకున్నాను. శుక్రవారం నేను పైకి వెళ్ళేసరికి ఆరేళ్ళ చెట్టు మోకాలెత్తు మోడై ఉంది. ఆపా తెగిన చోటల్లా వేలితో పసుపు ముద్ద అద్దుతోంది.

"చంపేశావు ఆపా!"

"పదిహేను దినాలాగు. ఆకుల్లేని చెట్టు నీళ్ళు తాగది. మట్టి ఎండేదాంక ముట్టకు. ఫికరైతే బెరడు గోరుతో గీకు. లోపల పచ్చగుంటే పానమున్నట్టే."

నేను విసవిసా దిగి వచ్చేశాను. మూడు రోజులు మాట్లాడలేదు. కానీ ఆ మోడును చూస్తే ప్రాణం ఒప్పక, ఆపా లేనప్పుడు రోజూ రెండు చెంబులు పోశాను. సోమవారం సాయంత్రం డాబా మీద ఆవిడే పలకరించింది.

"ఇంక కోపమేనా? నీళ్ళైతే పోస్తలేవు గద?"

"లేదు" అన్నాను, మొహం తిప్పుకుని.

అదే మా ఆఖరి మాట. అదీ అబద్ధం.

మర్నాడు మధ్యాహ్నం నమాజు తర్వాత ఆవిడను తీసుకెళ్ళిపోయారు. అప్పటిదాకా ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. అన్నేళ్ళు పూలిచ్చిన చెట్టుకు ఆరోజు ఒక్క పువ్వు లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేరు కుళ్ళిపోయిందేమో అని ఆలోచిస్తున్నాను. మనిషి పోయి పడుకుని ఉంటే చెట్టు గురించా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ అది కూడా పోతే, ఆపా చంపిందని కదా నేను అన్నది. చంపింది నేనే అవుతాను.

ఆ రోజునుంచి చెంబు ముట్టలేదు. పొద్దునా సాయంత్రం వేలు గుచ్చి చూడడమే. ఎనిమిది రోజులైంది. ఇవాళ మొదటిసారి మట్టి అంటలేదు. భయపడుతూనే బెరడు మీద గోరు పెట్టి గీకాను. నా కళ్ళు సరిగా ఆనవు, మొహం దగ్గరగా పెట్టి చూశాను. సన్నగా, తడిగా, లేత పచ్చ.

ఆపాకు చెబుదామని లేచి, మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయాను.

వెనక్కి వచ్చి ఒక్క చెంబు, చెట్టు మొదట్లో మాత్రం పోశాను. అప్పుడు కనిపించింది. పెద్ద కొమ్మ కొసన ఎండిన పసుపులో ఆపా వేలిముద్ర, గీతలతో సహా అలాగే ఉంది. ఇంతలో బల్కంపేట వైపునుంచి మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాయి. కిందికి పరుగెత్తి గొడుగు తెచ్చాను. మా ఆయన మెట్ల మీదనుంచి, "తడిసిపోతున్నావే, లోపలికి రా" అని అరుస్తున్నాడు. గొడుగు చెట్టు మీద పట్టి నేను అక్కడే నిలబడ్డాను.