టీచరమ్మ కారుకు స్పోర్ట్స్ కారు సైలెన్సర్

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది. అది ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. వీధి మొత్తానికీ ఆయన చెవి మేస్త్రి. ముప్పై ఎనిమిదేళ్లుగా కార్ల సైలెన్సర్లు తప్ప ఇంకో పని ముట్టుకోలేదు. ఎవరైనా బ్రేకులు కూడా చూడమంటే, పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి మోకాలు చూపిస్తావా అని కసిరేవాడు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే, షెడ్డులో ఇంకో బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నవాడల్లా "రెండో జాయింటు పోయింది" అనేవాడు. కిందికి దూరి చూస్తే రెండో జాయింటే పోయి ఉండేది. ఇలా పదిసార్లు జరిగాక జనం దూరి చూడటం మానేశారు.

పేరు రావడం మంచిదే. కానీ దాంతోపాటు ఆయన మాటకు ఎదురు చెప్పేవాడు వీధిలో ఒక్కడూ లేకుండా పోయాడు. నన్నడిగితే పనివాడికి ఇంతకన్నా పెద్ద గండం లేదు.

రెండేళ్లుగా మేస్త్రికి లోకం మీద కోపంగా ఉంది. జనం నోరు తెరిచి మాట్లాడటం మానేశారట. టీవీలో వార్తలు చదివేవాళ్లు గొణుగుతున్నారట. పిట్టలు తగ్గిపోయాయట. కొత్త ఫోను కొంటే అదీ దండగమారిదేనట. ఇవన్నీ భార్యకు చెప్పుకుంటే ఆవిడ "అవును బావా, రోజులు అలా ఉన్నాయి" అని గట్టిగా అనేది. పెళ్లయి ముప్పై ఆరేళ్లు దాటినా ఆవిడకు ఆ చిన్నప్పటి పిలుపు పోలేదు. ఆ గట్టిగా అనడం మాత్రం కొత్తది. ఆయన గమనించలేదు.

షెడ్డు వెనకాలే వాళ్లిల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింటికీ షెడ్డుకీ మధ్య ఒకటే గోడ, దానికో చిన్న కిటికీ. ఆ గోడకి అటువైపు ఆయన ఎన్ని సైలెన్సర్లు బిగించాడో, ఇటువైపు గిన్నెలు తోముకుంటూ ఆవిడ అన్నీ వింది. ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆవిడతో సహా.

ఆ మంగళవారం పొద్దున్నే టీచరమ్మ వచ్చింది. డెబ్బై రెండేళ్ల మనిషి. లెక్కల టీచరుగా రిటైరై చాలాకాలమైంది గానీ, ఆవిడ ఎదురుపడితే తండ్రులైపోయిన మగవాళ్లు కూడా చొక్కా సర్దుకుంటారు. ఆవిడ కారు వాళ్ల నాన్నగారిది. పావురం రంగు, రెండు తలుపులు, ఏభై అయిదేళ్ల వయసు. స్టీరింగ్ మీద ఆయన వేళ్లు పెట్టుకునే చోట అరిగిపోయి నున్నగా ఉంటుంది. ఆవిడ కూడా అక్కడే వేళ్లు పెట్టుకుని నడుపుతుంది.

"మేస్త్రి గారూ, నా సర్వీసులో ఎంతమందినో ఫెయిల్ చేశాను. ఇప్పుడు నా కారు ఫెయిలైంది" అంది.

పాత కార్లన్నిటికీ శబ్దం పరీక్ష పెడుతున్నారు. రవాణా ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఎంతో మర్యాదగా ఉంది. శుక్రవారం రెండోసారి పరీక్ష. అందులోనూ తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ తర్వాత కారు ఇంట్లో బీరువాతో సమానం, దుమ్ము దులుపుకోవడానికి తప్ప పనికిరాదు.

"ఎంతలో పోయింది టీచరమ్మా?"

"ఆరు డెసిబెల్స్."

"గ్రేసు మార్కులు కలపరా?"

"నేనెప్పుడైనా కలిపానా?"

మేస్త్రి కిందికి దూరి సైలెన్సర్‌ని వేలితో నొక్కాడు. వేలు లోపలికి వెళ్లిపోయింది. తుప్పు తప్ప ఇనుమనేది మిగల్లేదు. ఆ మోడలుకు సామాన్లు తయారుచేయడం ఆపేసి ముప్పై ఏళ్లు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ గోడ వైపు చూశాడు.

గోడకి నెల రోజులుగా ఒక స్పోర్ట్స్ కారు సైలెన్సర్ వేలాడుతోంది. మూడేళ్ల వయసు కారుది. దాని యజమాని ఎక్కడా ఏ పందెంలోనూ కాకుండా, తన సొంత గేటుకే గుద్దుకున్నాడు. ముందు భాగం నుజ్జయి కారు పాత సామాన్ల యార్డుకు చేరింది. వెనక భాగం చెక్కుచెదరలేదు. చిన్న సూట్‌కేసంత ఉంటుంది ఆ సైలెన్సర్, స్టీలుది, రెండు మూతులది. ఏ బండికి బిగించాలో తెలియకుండానే తెచ్చుకుని, టీ తాగుతున్నప్పుడల్లా దాన్ని చూసి మురిసిపోతున్నాడు.

"అది దూసుకుపోయే కారుది కదా, ఇంకా గోల చేస్తుందేమో?" అంది టీచరమ్మ.

"గోల చేసేది ఇంజిను టీచరమ్మా. ఇది దాని నోరు మూయించేది. అంత పెద్ద గొంతును అదుపులో పెట్టింది, మీ నాన్నగారి కారును జోకొట్టలేదా?"

పని రెండు రోజులు పట్టింది. కొత్తది పాతదాని చోట పట్టదు, నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువ. దాన్ని వెనక ఇరుసు అవతల అడ్డంగా పెట్టాల్సి వచ్చింది. అందుకోసం స్పేర్ టైరును పట్టుకుని ఉండే కమ్మీ జరపాల్సి వచ్చింది. వేడి పెట్రోలు ట్యాంకుకు తగలకుండా మధ్యలో రేకు అడ్డం పెట్టాడు. రెండు మూతుల్లో ఒకదాన్ని మూసేశాడు. పాత కారు పైపు సన్నగా రెండు వేళ్లు పట్టేంత ఉంటే, స్పోర్ట్స్ కారు సైలెన్సర్ నోరు పిడికిలంత. ఆ రెంటినీ కలపడానికి రేకు చుట్టి గరాటులాంటిది తయారుచేసి వెల్డింగ్ చేశాడు. బలం కోసం, ఎప్పటి అలవాటు ప్రకారం, సన్న పైపును గరాటులోకి బొటనవేలంత లోపలికి దించి అతికాడు. అన్నిటినీ రబ్బర్లతో వేలాడదీశాడు. ఇంజిను ఆన్ చేసి, చివర గుడ్డతో మూసి, జాయింట్ల వెంబడి అరచెయ్యి పోనిచ్చాడు. ఎక్కడా గాలి తగల్లేదు.

బుధవారం సాయంత్రం టీచరమ్మను పిలిచి, ఇంజిను ఆన్ చేసి యాక్సిలరేటర్ మెల్లగా నొక్కుతుండమన్నాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను సైలెన్సర్‌కు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన ముఖంలో ఒక్కో మడతా విచ్చుకుంది.

"వినండి టీచరమ్మా. వెన్న."

టీచరమ్మ వింది. గుబగుబమని మెత్తని శబ్దం, దాని మీద సన్నగా ఒక ఈల. కానీ కిందటేడు డాక్టరు ఆవిడకు చెప్పి ఉన్నాడు, వయసు వల్ల మీ చెవుల్లో ఈల మోగుతుంటుంది, పట్టించుకోవద్దని. ఆవిడ పట్టించుకోలేదు. చెవి మేస్త్రి అంతటివాడు వెన్న అంటుంటే తన ముసలి చెవి ఎవరికి లెక్క? స్టెప్పులు రాయని జవాబుకు జన్మలో మార్కులివ్వని మనిషి, "చాలా బాగుంది" అని, పొద్దున వచ్చి తీసుకెళ్తానని వెళ్లిపోయింది.

వంటింటి కిటికీ దగ్గర భార్య తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. తర్వాత టీ తీసుకుని షెడ్డులోకి వచ్చింది. పని వేళలో ఆవిడ షెడ్డులోకి రావడం అరుదు.

"బావా, బండి ఈల వేస్తోంది."

"ఏ బండి?"

"టీచరమ్మది. ఇంజిను కాస్త వేగం అందుకున్నప్పుడల్లా."

మేస్త్రి నవ్వాడు. "నాకు వినపడని ఈల నీకు వినపడిందా?"

"వినపడింది" అంది ఆవిడ. కప్పు బల్ల మీద పెట్టింది. "నీకు సన్న శబ్దాలు వినపడవు బావా. రెండేళ్లయింది."

ఆవిడ ఇక ఆగలేదు. కాలింగ్ బెల్ మోగితే తనే ఎందుకు పరిగెడుతోందో చెప్పింది. కూతురికి ఫోనులో నాన్నతో అరిచి మాట్లాడమని ఎందుకు నూరిపోసిందో చెప్పింది. ఎవరైనా ఆయనతో ఏదైనా అంటే అదే మాట తను మళ్లీ గట్టిగా ఎందుకు అంటోందో చెప్పింది. పిట్టలు ఎక్కడికీ పోలేదని కూడా చెప్పింది.

మేస్త్రికి ఒళ్లు మండింది. "టీచరమ్మ బాగుందంది కదా! ఆవిడకంటే ఎక్కువా నువ్వు? గిన్నెలు తోముకునేదానివి, నీకేం తెలుసు సైలెన్సర్ల సంగతి?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆయన టీ చల్లారేదాకా కూర్చుని, లేచి ఇంజిను ఆన్ చేసి, యాక్సిలరేటర్‌కు చెక్కముక్క ఆనించి వేగం పెంచాడు. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో అంగుళం వెతికాడు. ఈల లేదు. ఎంత వెతికినా లేదు. అప్పుడు ఆయనకు భయం వేసింది. ఉందని ఆవిడంటోంది, లేదని తన చెవి అంటోంది, ఆవిడ తనతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. చెవే పోతే తన దగ్గర ఇంకేముంది?

గురువారం పొద్దున టీచరమ్మ తాళాల కోసం చెయ్యి చాపితే మేస్త్రి ఇవ్వలేదు.

"నిన్న మీకు ఈలలాంటిదేమైనా వినపడిందా టీచరమ్మా?"

ఆవిడ సిగ్గుపడింది. "వినపడింది. నా చెవిలోదేమో అనుకున్నాను. డాక్టరు..."

వంటింటి కిటికీలోంచి గొంతు వచ్చింది. "ఇంజిను ఆపితే ఆగిపోయేది బండిది టీచరమ్మా. ఆగనిది మీది."

టీచరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇంజిను ఆపి చూసుకోవాలన్న ఇంగితం లేకపోయింది! పిల్లలెవరైనా ఇలా చేసుంటే బెంచీ ఎక్కించేదాన్ని!"

మేస్త్రి నవ్వలేకపోయాడు. తాళాల గుత్తి చేతిలో తిప్పుతూ నేల వైపు చూశాడు. "బండి ఈల వేస్తోంది. నాకు వినపడలేదు. నాకు... వినపడటం లేదు టీచరమ్మా. మీరు ఇంకెవరి దగ్గరికైనా తీసుకెళ్తానంటే నేనేమీ అనుకోను."

"రేపే పరీక్ష పెట్టుకుని ఇంకెవరి దగ్గరికి పోతాను? పైగా మీ చేతికేమైంది? బాగానే ఉందిగా?"

అప్పుడు మేస్త్రి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఆరేళ్లలో ఆ కిటికీ దగ్గర నిలబడి ఆయన అడిగినవి టీ, మంచినీళ్లు, తువ్వాలు.

"నిన్న నోరు జారాను. ఒకసారి వస్తావా? నువ్వు విని చెప్పాలి" అన్నాడు.

ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చింది. కారు వెనక స్టూలు వేశాడు. ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చుని యాక్సిలరేటర్ మెల్లగా నొక్కుతూ అద్దంలో ఆవిడనే చూస్తున్నాడు. ఈల మొదలైనప్పుడు ఆవిడ చెయ్యి ఎత్తుతుంది. ఆగిపోతే దించుతుంది. నాలుగుసార్లు నొక్కాడు. నాలుగుసార్లూ అదే వేగం దగ్గర చెయ్యి లేచింది. తర్వాత ఆవిడను పక్కగా జరిపి, మధ్యలో, ముందు వైపు, ఒక్కోచోట వినమన్నాడు. గరాటు దగ్గర ఆవిడ రెండు చేతులూ ఎత్తింది.

ఆయనకు విషయం తట్టింది. తనే లోపలికి దించిన బొటనవేలంత పైపు అంచు! మామూలు సైలెన్సర్లలో అది ఏమీ చెయ్యదు. ఇంత వెడల్పు గరాటులో మాత్రం, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు, గాలి ఆ అంచు మీదుగా పోతూ ఈల వేస్తోంది. మొత్తం విప్పి, కోసి, అంచు తీసేసి, గ్రైండర్‌తో లోపల నున్నగా చేసి, పొడవైన కొత్త గరాటు చుట్టి అతికాడు. మధ్యాహ్నం తిండి కూడా మరిచిపోయాడు.

మళ్లీ ఇంజిను ఆన్ చేశాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుంది. ఆయన ఎంత వేగం పెంచినా చెయ్యి లేవలేదు.

"పోయింది బావా."

ఆయన స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపబోయి ఆగాడు. తన చెవితో వినకుండా ఆ షెడ్డులోంచి ఇంతవరకూ ఒక్క బండీ బయటికి పోలేదు. ఇంజిను ఆపి, తాళాలు తీసుకెళ్లి టీచరమ్మ చేతిలో పెట్టాడు.

శుక్రవారం ముగ్గురూ కలిసి వెళ్లారు. రవాణా ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో పాత కార్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు కారు వెనక మూడు కాళ్ల స్టాండు మీద మీటరు బిగించాడు. టీచరమ్మ లోపల కూర్చుని, వాళ్ల నాన్నగారి వేళ్ల చోట తన వేళ్లు పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు సైగ చేయగానే యాక్సిలరేటర్ నొక్కింది. అక్కడున్నవాళ్లంతా మీటరు వైపు చూస్తుంటే మేస్త్రి మాత్రం భార్య చేతుల వైపు చూస్తున్నాడు. అవి కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు మీటరు చూసి, కాగితం మీద ఏదో రాసి, తల వంచుకునే ఏదో అన్నాడు. మేస్త్రి దగ్గరలోనే ఉన్నా ఒక్క ముక్కా చెవిన పడలేదు. వారం కిందట అయితే విన్నట్టు తలూపి, ఇంటికెళ్లాక ఆఫీసు వాళ్ల గొంతుల్ని తిట్టుకునేవాడు.

"సార్, నాకు చెవులు సరిగా వినపడవు. కాస్త గట్టిగా చెప్పండి" అన్నాడు. వరసలో ఉన్న డ్రైవర్లలో సగం మంది ఆయన్ని ఎరిగినవాళ్లే. వాళ్లంతా తలలు తిప్పారు.

ఇన్‌స్పెక్టరు నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచాడు. "పాసయింది!"

"అంత గట్టిగా వద్దు సార్, మళ్లీ మీటరుకు ఎక్కుతుంది!" అన్నాడు మేస్త్రి.

భార్య పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వు ఆయనకు సగమే వినపడింది. మిగతా సగం కోసం ఆవిడ వైపు తిరిగి, ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.