సునీతకు అతికించిన పళ్లు

నిన్న పొద్దున సునీత నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

పళ్ల క్లిప్పులు టైట్ చేయించుకునే రోజు కదా, వాళ్ల ఊరు గట్టు నుంచి బయల్దేరి ఉంటుందనుకుని "ఎక్కడిదాక వచ్చినవే" అన్నాను.

అటువైపు వాళ్ల తమ్ముడు. జ్వరం ముదిరి తెల్లవారుజామున అక్క పోయిందని చెప్పాడు.

ఇరవై మూడేళ్లు. మూడు రోజుల జ్వరం. నాకు ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు.

ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది. ఎవరి మీదో తెలియదు.

తెలియనివాళ్లకు చెబుతున్నాను, సునీత వనపర్తి హాస్టల్లో నా రూమ్మేట్. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో క్లిప్పులు పెట్టించుకుంది. ఆ రోజు నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న, సంబంధం చూస్తున్నారా అని. ఊళ్లో అడిగారు. గద్వాల బస్టాండులో ఎవరో ముసలామె అడిగింది. హాస్టల్ వంటామె కూడా వదల్లేదు.

చిన్నప్పటి నుంచి ఎత్తుపళ్లని ఏడిపించింది వీళ్లే. సరిచేయించుకుంటే అదీ తప్పే.

డిగ్రీ అయ్యాక విత్తనాల పత్తి చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసే కూలిపనికి పోయి, తన ట్రీట్మెంట్ తనే నడిపించుకుంది. నెలనెలా రెండు బస్సులు మారి వనపర్తికి వచ్చేది. టైట్ చేశాక ఏదీ నమలలేక నా రూముకొచ్చి, జొన్నరొట్టెను పప్పులో గుజ్జయ్యేదాకా నానబెట్టి, డాక్టర్‌ను తిట్టుకుంటూ తినేది.

ఒకసారి తీగ కొస బుగ్గలో గుచ్చుకుంటోంది. దానికి అద్దుకోమని డాక్టర్ ఇచ్చిన మైనం అయిపోయింది. మహాతల్లి ఏం చేసిందో తెలుసా? ఆదివారం చర్చిలో కొవ్వొత్తి మైనం గిల్లి, ఉండ చేసి తీగకు అంటించుకుంది. పాట మధ్యలో అది ఊడి నాలుక మీద పడితే, ముందు వరసలో నిలబడే ఉమ్మేసింది. పాస్టరమ్మ పక్కకు పిలిచి అడిగితే ఈమె జవాబు:

"దేవుని మైనమే గదమ్మా, ఏం గాదనుకున్న."

నాకు చెప్పినప్పుడు కడుపు పట్టుకుని నవ్వాను. డాక్టర్ మాత్రం బాగా తిట్టాడు.

వచ్చే నెల క్లిప్పులు తీసేస్తానన్నాడు ఆయన. వచ్చే నెల!

నిన్న మధ్యాహ్నం గట్టు చేరేసరికి ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో సునీత తెల్లటి, వరసైన పళ్లతో నవ్వుతోంది. క్లిప్పుల్లేవు.

మంచి ఫోటో దొరక్కపోతే ఇంటర్ నాటి పాత ఫోటో ఇచ్చారట. ఫ్లెక్సీ షాపువాడు ఎత్తుపళ్లు చెరిపేసి, ఇంకెవరివో పళ్లు అతికించాడు. సునీత రెండేళ్లు నొప్పి ఓర్చుకుని సాధించుకున్న పళ్లు లోపల చాప మీద ఉన్నాయి. బయట కంప్యూటర్ పళ్లు.

తీసేయమని వాళ్ల మేనమామతో గొడవపడ్డాను. చావింట్లో అలా అరవకూడదు, తెలుసు. అరిచాను. పోయిన పిల్ల జర మంచిగ కనబడనీ అన్నాడాయన.

అప్పుడు వాళ్లమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"మంజూ, అది నా బిడ్డ నోరు గాదు. క్లిప్పులతోని నవ్వేది నీ ఫోన్ల ఒక్కటన్న ఉంటది గద, తియ్యి బిడ్డా."

తీశాను. రెండేళ్ల ఫోటోలు. గద్వాల కోట, ఫేర్‌వెల్, జాతర, నా బర్త్‌డే.

ఒక్కదాంట్లో కూడా పళ్లు కనబడవు. అన్నిట్లో పెదాలు బిగించే ఉంది.

ఎందుకంటే ఫోన్ పట్టుకున్న ప్రతిసారీ నేనే అన్నాను, "నోరు మూయవే, క్లిప్పులు కనబడుతున్నయ్, ఫోటో ఖరాబైతది" అని.

అది మూసుకునేది. ఊరందరికీ ఎదురు చెప్పిన పిల్ల, నా మాట మాత్రం వినేది.

వాళ్లమ్మకు ఆ సంగతి చెప్పే ధైర్యం లేక ఛార్జింగ్ అయిపోయిందని అబద్ధమాడాను. సాయంత్రం సమాధి చేసి వస్తుంటే మళ్లీ అడిగింది, ఫోన్‌కు కరెంటు పెట్టినవా అని.

ఈ పోస్ట్ చదివే క్లాస్‌మేట్స్, చర్చివాళ్లు, చేలో దానితో పనిచేసినవాళ్లు ఎవరైనా సరే. సునీత క్లిప్పులు కనబడేలా నవ్వుతున్న ఫోటో ఉంటే పంపండి. మసకగా ఉన్నా, మూలకున్నా, సగం మొహమే పడినా పరవాలేదు. వాళ్లమ్మ ఎదురుచూస్తోంది.

నన్ను క్షమించవే సునీతా. నోరారా నవ్వుకో ఇక. దేవుడు నీకు నెమ్మదినివ్వాలి.