ముందు దిగవలసినవి

మా పెదనాయన పోయారని మొన్న కారమడై నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే పోయారట. ఎవరినీ విసిగించకుండా ఆయన చేసిన పని బహుశా అదొక్కటే.

నౌకాదళంలో ఆయన ఉద్యోగమంతా ఒకే రకం ఓడల మీద గడిచింది. రేవు లేని చోట కూడా ఇసుకకు ముక్కు ఆనించి, ముందు తలుపులు తెరిచి సైనికుల్నీ ట్యాంకుల్నీ దించే ఓడలవి. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా వాటి గురించే చెప్పేవారు. ఎదుటివాళ్ళ కాఫీ చల్లారిపోతున్నా వదిలేవారు కాదు.

డ్రోన్లు వచ్చాక తీరానికి అంత దగ్గరగా వెళ్ళే ఓడను బతకనిస్తారా అని ఒకసారి అడిగాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత నోరు తెరిచింది కూడా జవాబు చెప్పడానికే.

"కాల్చేదానికి శానా షిప్పులుండాయిరా. మనిషిని గట్టున దించేదానికి ఏముండాది, చెప్పు."

నిరుడు మా చెల్లెలు కాపురం కోయంబత్తూరు నుంచి వాడిపట్టికి మార్చింది. లారీ నిండింది, వాన వచ్చేలా ఉంది. పెదనాయన వచ్చి చూసి, "అంతా దించండి" అన్నారు. "మొదట కావాల్సింది కడాన ఎక్కించాల. పాప ఆయాసం మందులేవి?"

చెల్లెలి కూతురి మందుల పెట్టె బీరువా వెనక ఉంది. నాకు ఓపిక పోయింది.

"ఇది యుద్ధం కాదు పెదనాయనా. కాసేపు సుమ్మా ఉండండి."

ఆయన మెట్టు మీద కూర్చున్నారు.

"తుఫాను కొట్టిన దీవికి పోతిమి. జెట్టీ కొట్టుకొని పోయింది, మా షిప్పే గట్టుకు పోవాల. లోడింగు నాది. డాక్టర్ల పెట్టెలు మొదట వచ్చెనని లోపల పెట్టిస్తిని, బియ్యం మూటలు ముందర. అవి దించేదానికి మూడు గంటలు పట్టె. ఒకమ్మ బిడ్డనెత్తుకొని నీళ్ళలోనే నిలబడి ఉండె. పెట్టెలు దిగేలోపల బిడ్డ పోయె."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవురూ అడగలేదు గదా."

ఎవరూ అడగకుండానే ఇంత చెప్పిన మనిషి, ఇదొక్కటి దాచుకున్నారు. దానికీ కోపమే వచ్చింది నాకు. వెళ్ళి బీరువా దించడం మొదలుపెట్టాను.

ఆ రోజు దారిలో ఆ మందుల అవసరమే రాలేదు. కానీ ఆ మందుల పెట్టెను అన్నిటికన్నా కడపట ఆయనే ఎక్కించారు. అప్పటికే వాన మొదలైంది. దిగమని చెల్లెలు బతిమాలుతున్నా, తడిసిన చొక్కా వీపుకు అంటుకుపోయినా, డ్రైవరు తలుపు మూయడానికి వచ్చేదాకా ఆ పెట్టె మీద నుంచి చెయ్యి తీయలేదు.