బెరిల్ ఆంటీ తలుపు

మా ఆయన రాడరిక్ చెడ్డవాడు కాదు. ముందే చెబుతున్నాను, ఆనక నా మాటలు విని తొందరపడకండి. పుట్టిందీ పెరిగిందీ ఈ పామ్ బీచ్‌లోనే. సముద్రపు ఒడ్డున అపార్ట్‌మెంట్లకు ప్లాన్లు గీయడం అతని పని. "మంచం మీంచే అలలు కనబడాలి" అంటాడు కనిపించిన ప్రతివాడితోనూ. అందుకని గోడంతా ఒకటే అద్దం పెడతాడు. మధ్యలో ఒక్క కమ్మీ ఉన్నా చూపుకి అడ్డమట! ఆ అద్దమే తలుపు, పక్కకి జరపాలి. తుపాను గాలికి ఆగాలి కాబట్టి మందంగా చేయిస్తాడు. నేను రెండు చేతులతో లాగితే గాని కదలదు.

మా అత్తగారి పక్కింటి బెరిల్ ఆంటీకి ఇసుక అంచునే రేకుల ఇల్లుండేది. ఆ స్థలం కోసం బిల్డర్లు ఎందరొచ్చినా గుమ్మంలోంచే తరిమేసేది. చివరికి మా ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

"అదే స్థలంలో, పై అంతస్తులో నీకో ఫ్లాట్ ఆంటీ. ప్లాన్ నాదే. సముద్రం ఇంకా బాగా కనబడుతుంది."

చిన్నప్పుడు తడి నిక్కరుతో ఆవిడ వంటింట్లో కూర్చుని టీ తాగినవాడు. ఆవిడ కాదనలేకపోయింది. ఆవిడ చూపు మందగించిందని వీధంతటికీ తెలుసు. ప్లాన్ గీసేవాడి బుర్రకి మాత్రం తట్టలేదు.

ఆవిడ ఫ్లాట్‌లో దిగాక కేకు పట్టుకుని వెళ్ళాం. అద్దానికి చెవి ఆనించుకుని కూర్చునుంది.

"ఎలా ఉంది ఆంటీ?"

"బాగుందిరా రాడీ. నీలంగా ఏదో కనిపిస్తోంది. టీవీ గొంతు నొక్కేసినట్టుంది, అంతే."

"తలుపు తియ్యొచ్చుగా?"

"వీటితోనా?" వేళ్ళు చాపింది. కీళ్ళన్నీ వాచిపోయి వంకర తిరిగాయి. "పాతింట్లో మంచం దిగకుండానే చెప్పేదాన్ని, ఇవాళ ఈతకి దిగొచ్చో లేదో. అలల చప్పుడు చాలు నాకు. ఇప్పుడు వానొచ్చినా తెలీదు. పోనీలే, నువ్వేం మనసులో పెట్టుకోకు."

మా ఆయన కేకు ముట్టలేదు.

ఆ గోడకి ఓ చిన్న కిటికీ పెట్టిద్దామని ఓనర్ల సంఘం మీటింగుకి వెళ్ళి బతిమాలాడు. అధ్యక్షురాలు నవ్వేసింది. "బిల్డింగ్ బయటి రూపు ఎవరూ మార్చకూడదని పట్టుబట్టి షరతు రాయించింది మీరేగా సార్?"

ఇంటికొచ్చాడు. మర్నాటి నుంచి పొద్దున్నే వెళ్ళి తలుపు తియ్యడం, సాయంత్రం వెళ్ళి ముయ్యడం. బెరిల్ ఆంటీకి ప్రాణం లేచొచ్చింది. "ఇవాళ దక్షిణపు గాలిరా, నీళ్ళలో దిగితే అల లాక్కుపోతుంది" అంటూ మా ఆయనకి కబుర్లు చెప్పేది. పక్కన కూర్చుని టీ తాగి వచ్చేవాడు.

ఓ రోజు నేనూ వెళ్ళాను. ఆవిడ అడిగింది, "కొత్త బిల్డింగ్ గీస్తున్నావటగా? దాన్లో తలుపులు తేలిగ్గా పెడుతున్నావా?"

"పెడుతున్నాను ఆంటీ."

"హమ్మయ్య. అయితే నా తిప్పలు ఊరికే పోలేదు." మా ఆయన చెంప నిమిరింది.

ఆ ప్లాన్ మా భోజనాల బల్ల మీదే ఉంది. అదే అద్దం, అదే తలుపు! కారెక్కగానే దులిపేశాను.

"సిగ్గులేదూ? కళ్ళు కనబడనావిడ మొహం మీదే అబద్ధమా?"

"బిల్డరుకి అదే కావాలి జానెల్. ఆ అద్దం చూపించే ఫ్లాట్లమ్ముతాడు. నేను కాదంటే ఇంకొకడు గీస్తాడు."

"గీయనీ!"

స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. "నాకు తెలీదనుకున్నావా? ఆ తలుపు లాగిన ప్రతిసారీ తెలుస్తూనే ఉంది."

తెలిసీ ఆ ప్లానే ఇచ్చొచ్చాడు.

ఇప్పటికీ రోజూ వెళతాడు. తలుపు తీసి వెంటనే వచ్చేస్తాడు. కూర్చోడు, టీ వద్దంటాడు. మొన్న నేను వెళితే బెరిల్ ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"వాడు నాతో మాట్లాడ్డం మానేశాడమ్మా. రోజూ తిప్పించుకుని విసిగించాను కాబోలు. ఇకనుంచి ఆ తలుపు మూసే ఉంచుకుంటానని చెప్పు. ఎప్పుడైనా వచ్చి, మునుపటిలా కాసేపు కూర్చుంటే చాలు."

చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు.