రెండు పూటలా పితికి కొన్న లాప్‌టాప్

మా పాత లాప్‌టాప్‌ని చంపింది నేనే. ఆ మాట మా ఇంట్లో ఎవరూ నా ముఖాన అనరు. కాకపోతే లాప్‌టాప్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా ఆయన ఒకసారి నా వైపు చూసి, వెంటనే సీలింగు ఫ్యాను వైపు చూస్తారు.

బందరు గాలికి ఇనుము నిలవదు. కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలుతుంటాయి, తలుపు గడియలు కొబ్బరినూనె రాయందే కదలవు. అది చాలదన్నట్టు ఇంట్లో రెండున్నరేళ్ల పాప. దాని చేతిలో ఎప్పుడూ పాలగ్లాసో, సగం నాకిన బిస్కెట్టో ఉంటుంది. అందుకని ఆయన ఆఫీసులో ఎవరో వాడుకుని అమ్మేసిన ఆ లాప్‌టాప్ ఇంటికి రాగానే దానికి ప్లాస్టిక్ కవర్లు తొడిగాను. పైన ఒకటి, కింద ఒకటి, అంచుల చుట్టూ సెల్లోటేపు. బల్ల మీద పెడితే పాప లాగి కింద పడేస్తుందని మంచం మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద పెట్టుకుని పని చేసేదాన్ని. ఏడాది తిరక్కముందే ఒక మంగళవారం అది నల్లబడి మళ్లీ వెలగలేదు. రిపేరు షాపతను విప్పి చూసి, "గాలి ఆడే దారులన్నీ మూసేశారు కదమ్మా. ఊపిరాడక పోయింది," అన్నాడు.

ఆయన ఆ మాట ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్పారు. ఆవిడ అయ్యో అని, పాప తలకి నేను తొడిగిన మంకీ టోపీ వైపు చూశారు. అప్పుడు మార్చి నెల.

నవ్వులాట సరే, దానితో పాటు నా పని కూడా ఆగిపోయింది. గుడివాడలో బడిపిల్లల పరీక్ష పేపర్లు అచ్చువేసే ఒక ప్రెస్సు ఉంది. డిగ్రీలో ఉండగా నేర్చుకున్న తెలుగు టైపింగుతో వాళ్లకి ఇంట్లోంచే పేపర్లు కొట్టి పెడుతున్నాను. వారమంతా కొట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి కవరులో పెట్టి, గుడివాడ బస్సు కండక్టరు చేతికిస్తే సోమవారానికల్లా ప్రెస్సుకి చేరాలి. లాప్‌టాప్ పోయిందని ఫోన్ చేస్తే ప్రెస్సు ఆయన ఎంతో మర్యాదగా, "ఫర్వాలేదండీ. సోమవారానికి రాకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తాం, మీరేం ఇబ్బంది పడకండి," అన్నారు.

ఈ పని పోతే నాకోసం కాచుకుని ఉన్నది మా వీధి చివర ప్రైవేటు బడిలో టీచరుద్యోగం. ఎనిమిదింటి నుంచి అయిదింటి దాకా. పాపని కూడా అక్కడే నర్సరీలో కూర్చోబెట్టుకుంటామన్నారు. మా ఆయనకి అది బంగారంలాంటి ఏర్పాటు. నాకేమో పాప పక్క గదిలో అయిదు నిమిషాలు చప్పుడు చేయకపోతేనే చేతిలో పని వదిలేసి పరిగెత్తుతాను. దాన్ని చూసుకుంటూ చేసుకునే పని ఉండాలంటే లాప్‌టాప్ ఉండాలి. అదీ మా దగ్గరున్న డబ్బులో రావాలి, సోమవారంలోపు రావాలి.

"గుడివాడలో వాడినవి కూడా అమ్మే షాపుంది. శుక్రవారం వెళ్లి నువ్వే తెచ్చుకో," అన్నారు ఆయన. ఆయన ఆఫీసు దివిసీమలో. ఉదయం ఏడింటి బస్సెక్కితే మళ్లీ సాయంత్రం ఆరింటికే ఇల్లు చేరడం.

"నన్ను మోసం చేస్తేనో?"

"అందర్నీ చేస్తారు. నిన్ను ప్రత్యేకంగా ఏం చెయ్యరులే."

మా అమ్మకి ఫోన్ చేస్తే క్షణం ఆలోచించకుండా, "మావయ్యని తీసుకెళ్లు," అంది. మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, మొవ్వ పక్క పల్లెలో ఉంటాడు. కంప్యూటరుని ముట్టుకున్న మనిషి కాదు. అయితే ఆ చుట్టుపక్కల ఆయన వచ్చి చూడందే ఎవరూ గేదెని కొనరు.

"గేదెకీ లాప్‌టాప్‌కీ ఏంటమ్మా సంబంధం?"

"ఏది కొన్నా అమ్మేవాడు అమ్మేవాడేగా," అంది అమ్మ.

పాపని వదిలి పగలంతా బయట ఉండటం నాకు అదే మొదలు. మా అత్తగారికి ఒక కాగితం రాసిచ్చాను. పదకొండింటికి మెత్తగా పప్పన్నం, పన్నెండున్నరకి నిద్ర, కాచి చల్లార్చిన నీళ్లే పట్టాలి, గేటుకి గొళ్లెం వెయ్యాలి, ఎండలోకి పంపకూడదు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వెనక వైపు కూడా తిప్పి చదివారు.

"ముగ్గుర్ని పెంచానమ్మాయ్. ఒక్కళ్లకీ కాగితం లేదు," అన్నారు.

"అందులో నేనొకణ్ణి. తన భయం అందుకేనేమోనమ్మా," అన్నారు ఆయన, చెప్పులేసుకుంటూ.

నేను గుడివాడలో బస్సు దిగేసరికి మావయ్య ఆ కంప్యూటర్ల షాపు ముందు నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన ఇస్త్రీ తువ్వాలు. షాపు యజమానికి నలభై ఏళ్లుంటాయి, మాట మెత్తన. కొత్తవి చూపించాడు గానీ వాటి ధర మాకు అందేది కాదు. అప్పుడు లోపల్నుంచి కంపెనీలు వాడి ఇచ్చేసినవి రెండు తెచ్చి పెట్టాడు. ఒకటి వెండి రంగుది, పలకలా సన్నగా ఉంది. రెండోది నల్లది, మూత మీద గీతలు, రుబ్బురోలంత బరువు. నా చెయ్యి దానంతటదే వెండి దాని మీదికి పోయింది.

మావయ్య దాన్ని ముందునించి చూసి, వెనక్కెళ్లి చూసి, "ఇది ఎన్నో ఈత?" అని అడిగాడు.

యజమాని ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వాడు. "ఒక్క చేతిదేనండీ. బెంగుళూరులో ఆఫీసులో ఉండేది."

"పాలెన్ని ఇస్తుంది?"

"చార్జింగ్ ఎంతసేపు నిలుస్తుందని అడుగుతున్నాడండీ," అన్నాను నేను, నేలలోకి దిగిపోతే బాగుండుననుకుంటూ. కానీ అడగాల్సిందీ అదే. మా వైపు ఉదయం రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు కోత. ఆ వేళల్లో నడవకపోతే నా పని నడవదు.

"రెండు గంటలకి తగ్గదండీ. రెండిటికీ నాదీ పూచీ."

"అయితే రెండు పూటలు చూద్దాం," అని మావయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మా వైపు గేదెని కొనేవాడు సాయంత్రం వెళ్లి, ఎదురుగా పాలు పితికించి, రాత్రికి అమ్మేవాళ్లింట్లోనే పడుకుని, మళ్లీ ఉదయం పాలు కూడా చూసుకుని గానీ బేరానికి దిగడు. కొందరు అమ్మే ముందు ఒక పూట పితక్కుండా ఆపేస్తారు. పొదుగు నిండుగా కనిపిస్తుంది, చెంబులు నిండుతాయి. అసలు సంగతి రెండో పూట తెలుస్తుంది. మావయ్య ఇదంతా యజమానికి వివరించి, "మొదటి పూట పాలు అమ్మేవాడివయ్యా. రెండో పూటవే గేదెవి," అన్నాడు.

"ఇది గేదె కాదండీ మావయ్య గారూ."

"నాకు తెలీదా? గేదైతే కనీసం పేడన్నా వస్తుంది."

యజమాని నా వైపు చూశాడు. నేను గోడ మీద ప్రింటరు బొమ్మ వైపు చూశాను.

పదింటికి రెండిటికీ వైర్లు పీకి పక్కపక్కన పెట్టారు. నేను కాసేపు దీని మీద, కాసేపు దాని మీద టైపు చేశాను. వెంట తెచ్చుకున్న పాప పాటల సీడీ రెండిట్లోనూ వేశాను. మావయ్య చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని టీ తెప్పించుకున్నాడు. లోపలికి వచ్చిన వాళ్లంతా ఏం జరుగుతోందని అడగడం, ఆయన మొదట్నించీ చెప్పడం.

మధ్యమధ్యలో నేను ఇంటికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఇంట్లో ఉండే సెల్లు మా అత్తగారే ఎత్తుతారు.

"పాప ఏం చేస్తోందండీ?"

"ఇప్పుడే కదా అడిగావు. అప్పుడు చేసిందే చేస్తోంది."

పదకొండున్నరకి చేసినప్పుడు వెనక పెద్ద గోల.

"ఏంటత్తయ్య గారూ ఆ చప్పుడు?"

"టీవీ అమ్మాయ్."

"టీవీలో ఎవరో అరుస్తున్నట్టుంది?"

"ఏదో సినిమా. నీ ఫోనులెత్తడంతోనే సరిపోతోంది, నన్ను దాన్ని చూసుకోనీ," అని పెట్టేశారు.

మావయ్య టీ గ్లాసు కింద పెట్టి, "పిల్లని మీ అత్తకి అప్పజెప్పి వచ్చావా, తాకట్టు పెట్టి వచ్చావా?" అన్నాడు.

మిట్టమధ్యాహ్నానికి రెండూ పడుకున్నాయి. నల్లది గంటా యాభై నిమిషాలు, వెండిది రెండు గంటల అయిదు నిమిషాలు. ఇంకేం, నేను హ్యాండుబ్యాగు జిప్పు తీశాను. మావయ్య తల కూడా తిప్పకుండా, "వెయ్యి," అన్నాడు. జిప్పు వేశాను. రెండిటినీ చార్జింగుకి పెట్టించి, నన్ను మెస్సుకి తీసుకెళ్లి భోజనం పెట్టించాడు. నేను అన్నం కెలుకుతుంటే, పన్నెండున్నరకి పాప పడుకుని ఉంటుందా అని నేను అడగకముందే, "పడుకునే ఉంటుంది, తిను," అన్నాడు.

తిరిగొచ్చేసరికి రెండున్నర. నల్లదానికి చార్జింగు పూర్తిగా ఎక్కింది. వెండిది మూడోవంతు దగ్గరే ఆగిపోయి ఉంది. యజమాని వైరు కదిపాడు. చిన్న దీపం వెలిగింది. చెయ్యి తీశాడు. ఆరిపోయింది. ఈసారి వైరుని మెలితిప్పి వేలితో నొక్కి పట్టుకుని, "కొంచెం ఇలా ఆనించి ఉంచితే చాలండీ," అన్నాడు.

మావయ్య లేచి చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, జబ్బు పశువుని చూసినట్టు చూశాడు. "మేత ముట్టట్లేదయ్యా ఇది," అన్నాడు. అందులో కోపం లేదు, జాలే ఉంది. "పొద్దున మేం వచ్చేలోపు చేత్తో పట్టుకుని తినిపించావా?"

యజమాని వైరు వదిలేశాడు. "ఆరింటికే వచ్చి కూర్చున్నానండీ," అన్నాడు చివరికి యజమాని, నేల చూపులు చూస్తూ. అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. నేను మాత్రం నవ్వుతూనే హ్యాండుబ్యాగు జిప్పు ఇంకోసారి తడిమి చూసుకున్నాను. నేనొక్కదాన్నే వచ్చి ఉంటే ఈపాటికి ఆ వెండి పలకని ఒళ్లో పెట్టుకుని బస్సులో ఉండేదాన్ని. సోమవారం సంగతి బడి ప్రిన్సిపాలు చూసుకునేవారు.

నల్లది రెండో పూట కూడా గంటా యాభై నిమిషాలే నడిచింది, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. "ఇచ్చేది తక్కువైనా మాట మీద ఉంది," అని మావయ్య భుజం మీది తువ్వాలు తీసి తన కుడిచేతి మీద కప్పుకున్నాడు. సంతలో బేరం తువ్వాలు కింద వేళ్లతోనే నడుస్తుంది, ధర చుట్టూ ఉన్నవాళ్లకి తెలియకూడదని. ఆ యజమానిది కూడా రైతు కుటుంబమే అనుకుంటాను, అలవాటైన వాడిలా తువ్వాలు కిందకి చెయ్యి పెట్టాడు. ఇద్దరూ చెరో వైపు గోడల్ని చూస్తూ నిలబడ్డారు. తువ్వాలు కదులుతోంది.

"ఎంతంటున్నారు మావయ్యా?"

"బేరం మధ్యలో మాట్లాడకూడదు."

"డబ్బులిచ్చేది నేను కదా."

"అందుకే మాట్లాడకూడదు."

నా దగ్గరున్న దాంట్లోనే అయింది, సంచీ కూడా వచ్చింది. ఎంతకి మొదలై ఎంతకి తెగిందో నాకు ఇప్పటికీ తెలీదు. నన్ను బస్సెక్కిస్తూ మావయ్య, "దీనికి మాత్రం కవర్లు తొడక్కు," అన్నాడు. మా అమ్మ అంతా చెప్పేసినట్టుంది.

ఇల్లు చేరేసరికి ఏడు దాటింది. పరిగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకుంటుందని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. పాప వరండాలో పీట మీద నిలబడి ఉంది. ముందు ఒక పళ్లెం, అందులో నాలుగు బంగాళాదుంపలు, వాటి మీద నీళ్లు. ఒక చెయ్యి పైకెత్తి, "నూటపది, నూటపది, ఇంకెవరూ?" అని అరుస్తోంది. నన్ను చూసి, "అమ్మా, నువ్వెంత?" అంది.

"ఇది ఎక్కడ నేర్చుకుంది?"

"టీవీలో," అన్నారు మా అత్తగారు. వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది.

"గిలకలదిండి రేవు చానల్లో," అన్నారు మా ఆయన, పేపరు దించకుండా.

ఇక దాచి లాభం లేదనుకున్నారేమో, ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చారు. ఆటోలో వెళ్లి ఆటోలో వచ్చారట. చెయ్యి వదల్లేదట. అలా రేవులో పడవలు చూపించి, వేలంలో నాలుగు చేపలు తీసుకుని వచ్చేశారట.

"పడవ ఎక్కా," అంది పాప.

నేను దాన్ని దీపం కిందకి తెచ్చి కాళ్లూ చేతులూ వెతికాను. ఎక్కడా గీత కూడా లేదు. మోచేతి దగ్గర ఒక చేప పొలుసు అంటుకుని మెరుస్తోంది. దాన్ని గోటితో తీస్తూ, అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నాకోసం ఏడ్చిందా అండీ?"

ఆవిడ మంచి మనిషి. కాస్త ఆలోచించారు. "మధ్యాహ్నం ఒకసారి అడిగింది, అమ్మ ఎప్పుడొస్తుందని."

"నువ్వొచ్చేలోపు ఇంకో ట్రిప్పు వెయ్యొచ్చేమోనని అడిగి ఉంటుంది," అన్నారు ఆయన.

శని, ఆదివారాలు రెండూ ఆ రుబ్బురోలుని ఈసారి బల్ల మీదే పెట్టుకుని, కవరు లేకుండా, కూర్చుని పేపర్లన్నీ కొట్టేశాను. కోతలో కూడా చివరి పది నిమిషాలు తప్ప ఆగలేదు. సోమవారం కవరు ప్రెస్సుకి చేరింది, వచ్చే వారం పేపర్లు పంపుతున్నామని వాళ్లూ ఫోన్ చేశారు. బడికి రాలేనని ప్రిన్సిపాలు గారికి కబురు పెట్టాను. అనుకున్నది సాధించాను. పాప నా ఎదుటే ఉంటుంది, నేను దాని ఎదుటే ఉంటాను.

మంగళవారం ఉదయం లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పాప చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"అమ్మా, షాపుకి వెళ్లవా?"

"కొనేశాం కదమ్మా. ఇదిగో."

అది లాప్‌టాప్‌ని పైనుంచి కిందికి చూసింది. "ఇంకోటి కొనుక్కో," అంది.

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా నేను ఒక్క పేజీ కూడా పూర్తి చెయ్యలేకపోయాను. ఇంట్లో కూర్చోవడానికి ఇంత తంటాలు పడ్డాను గానీ, కూర్చోమని అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఇప్పుడు పేపర్లు కండక్టరు చేతికివ్వడం మానేశాను. సోమవారం సోమవారం నేనే తీసుకెళ్లి ప్రెస్సులో ఇచ్చి వస్తున్నాను. తప్పులేమైనా ఉంటే అక్కడే దిద్దొచ్చునని మా ఆయనకి చెప్పాను. ఆయన ఈసారి ఫ్యాను వైపు చూడలేదు. కాగితం రాసిపెట్టడం కూడా మానేద్దామనుకున్నాను గానీ, మూడు లైన్లకి తగ్గించడం వరకే కుదిరింది.

మొదటిసారి నన్ను బస్సెక్కించడానికి పాప, మా అత్తగారు ఇద్దరూ స్టాండుకి వచ్చారు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. మా అత్తగారు చెయ్యి ఊపుతున్నారు. పాప అప్పటికే ఆటో అతనితో మాట్లాడుతోంది.